నాలుగు మూలల పసుపు

సారు పోయారని పోస్టుకార్డు వచ్చింది. పూజ ముగించి లేస్తుండగా తపాలాయన గుమ్మంలో వేసి వెళ్లాడు. సంగారెడ్డిలో ఉంటున్న సారు కొడుకు రాసిన కార్డు. నాన్నగారు నిద్రలోనే వెళ్లిపోయారని, పదో రోజు ఇంటి దగ్గరేనని రాసి, ఇంకేమీ రాయలేదు. చదవకముందే నాకు సంగతి తెలిసింది. కార్డు మూలలు నాలుగూ తెల్లగా ఉన్నాయి.

నాకు సారుతో బంధుత్వం లేదు, మైల లేదు. అయినా కుళాయి దగ్గర కూర్చుని తలమీద చెంబుడు నీళ్లు పోసుకున్నాను. అలాంటి కార్డు ఇంట్లో ఉంచకూడదు, చదివిన చేత్తోనే చింపేయాలి. చింపబోయి ఆగాను. ఆ సాయంత్రం దీపం వెలిగించేదాకా అది గుమ్మం బయట రాయి కింద ఉండిపోయింది.

తర్వాత బడిలో సంతాపసభ పెట్టారు. వెళ్లాను. ఇప్పుడున్న పెద్ద మాస్టారు, ఇంకా ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. సారు చేతికింద ఎందరు పాసయ్యారో, ఎందరు పెద్ద ఉద్యోగాలకు వెళ్లారో చెప్పారు. అన్నీ నిజాలే. "అమ్మా, మీరు కూడా రెండు మాటలు చెప్పండి" అన్నారు నాతో. నేను లేచి నిలబడి, దండం పెట్టి కూర్చున్నాను. నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాను. స్కూలు ఫైనల్ దాకా చదివానన్న మాటే గాని, ఇన్నేళ్లలో చాకలి పద్దు, పుట్టింటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. కాని ఇంటికి వస్తూ ఉంటే ఒకటే బెంగగా అనిపించింది. పాసైన పిల్లల సంగతే అందరూ చెప్పారు. సారు తిరిగింది వాళ్ల ఇళ్లకు కాదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేను. ఒంట్లో ఓపిక తగ్గింది, కళ్లజోడు పెట్టుకున్నా అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేనని కలం పట్టుకున్నాను.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. మావారికి ఇక్కడి పెద్ద కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి కార్ఖానా గోడలే ఇంకా లేస్తున్నాయి. క్వార్టర్లు ఇచ్చేదాకా పటాన్‌చెరు పాత ఊళ్లో ఒక రైతు ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఇంటాయనకు కొంత పొలం ఉంది, కొంత కార్ఖానాకు పోయింది. ఆయన భార్యను నేను వదినా అనేదాన్ని. ఆయన తల్లిని అందరూ అవ్వ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. వాళ్ల పెద్దపిల్ల సత్తెమ్మ ఏడో తరగతి చదువుతుండేది. మా అబ్బాయి అప్పటికి ఇంకా పలక దిద్దుకుంటున్నాడు.

సారు ఆ ఏడో తరగతికే పాఠాలు చెప్పేవారు. ఈ పక్క పల్లెల్లో పుట్టి పెరిగిన మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. భుజాన సంచి, చేతిలో గొడుగు. గొడుగు ఎండకూ వానకూ విప్పేవారు కాదు, కుక్కల కోసం పట్టుకునేవారు. సాయంత్రం బడి వదిలాక ఆయన ఏదో ఒక వీధిలో నడుస్తూ కనిపించేవారు.

అప్పట్లో ఏడో తరగతికి జిల్లా మొత్తానికి ఒకటే పరీక్ష. ప్రశ్నపత్రాలు సంగారెడ్డి నుంచి సీలు వేసి వచ్చేవి. అందులో తప్పితే పైతరగతికి పంపరు. మగపిల్లవాడు తప్పితే మళ్లీ కూర్చోబెట్టేవారు. ఆడపిల్ల తప్పితే చదువు అంతటితో సరి. ఈ పరీక్ష ఏమిటో, ఎప్పుడో, పిల్లలు ఏ పాఠంలో వెనకబడ్డారో తల్లిదండ్రులకు ముందుగా రాసి తెలియజేయాలని ఆ ఏడాది బడికి పైనుంచి కాగితం వచ్చింది. సారు కూర్చుని వెనకబడిన పిల్లల ఇళ్లన్నిటికీ పోస్టుకార్డులు రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు ఆయనవి.

ఆ కార్డు మేమున్న ఇంటికి వచ్చిన రోజు సోమవారం. నేను బీరంగూడ గుట్టకు దర్శనానికి వెళ్లాను. తపాలా మనిషి కొత్తవాడు, అరుగు మీద కార్డు పెట్టి, పేరు కేకేసి, సైకిలెక్కి పోయాడట. చదివి చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. సత్తెమ్మ బడిలో ఉంది. ఆ ఇంటికి అంతకుముందు కార్డు వచ్చిందంటే రెండే రకాలు. నాలుగు మూలలా పసుపు ఉంటే పెళ్లి. పసుపు లేకపోతే చావు. వదిన అన్నగారు జోగిపేట వైపు ఊళ్లో చాలా రోజులుగా మంచంలో ఉన్నాడు. అవ్వ కార్డును తిప్పి చూసింది. ఎక్కడా పసుపు లేదు.

నేను గుట్ట దిగి, నడిచి ఇల్లు చేరేసరికి పొయ్యి ఆర్పేసి ఉంది. వదిన కట్టుబట్టలతో నీళ్లు పోసుకుని, తడి చీరతో గోడకు ఆనుకుని ఏడుస్తోంది. అవ్వ తల తడుపుకుని కూర్చుంది. పొలం నుంచి పిలిపించిన ఇంటాయన కూడా బావి దగ్గర స్నానం చేస్తున్నాడు. వీధిలో ఆడవాళ్లంతా వాకిట్లో చేరారు. కార్డు గుమ్మం బయట బూడిదలో పడి ఉంది.

నన్ను చూసి వదిన, "మా అన్న పోయిండు వదినా" అంది.

నేను కార్డు తీసి చదివాను. మళ్లీ చదివాను. "మీ అమ్మాయి గణితంలో వెనుకబడి ఉన్నది. వేసవికి ముందు జరుగు జిల్లా పరీక్ష కొరకు సాయంత్రపు తరగతులకు పంపగలరని మనవి." అంతే.

"వదినా, మీ అన్నయ్యకేం కాలేదు. ఇది బడి నుంచి వచ్చింది. సత్తెమ్మకు లెక్కలు రావడం లేదట" అన్నాను.

వాకిట్లో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె, "లెక్కలు రాకుంటె తానాలు చేస్తరా ఏందక్కా" అంది. నవ్వులు మొదలయ్యాయి. వదిన ఏడుస్తూనే నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

"ఏ పాడు గడియల బడికి పోయిందో, బతికున్నోని పేరు మీద నీళ్లు పోసుకునేటట్టు చేసింది" అంది అవ్వ. "ఇగ చాలు. రేపటి సంది గడ్డికి పోతది."

ఇంటాయన తల తుడుచుకుంటూ వచ్చి తల్లి మాటే అన్నాడు. నిజానికి ఆయనకు పిల్ల చదువు మీద కోపం లేదు. వీధి అంతా నవ్విన నవ్వు ఆయనకు పడలేదు. సాయంత్రం సత్తెమ్మ బడి నుంచి వచ్చి, సంగతి విని, పుస్తకాల సంచి భుజం మీంచి దించకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ సంచి దించితే మళ్లీ ఎత్తనివ్వరని దానికి అర్థమైంది. దాని ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఊళ్లో మాట దాగదు. దీపాల వేళకు సారు వచ్చారు. గొడుగు గోడకు చేర్చి, చెప్పులు విడిచి, అరుగు చివర కూర్చున్నారు. ఆయన ఎవరింటికి వెళ్లినా మంచం వేస్తే కూర్చునేవారు కాదు. మొదట మంచినీళ్లు అడిగేవారు. ఆ రోజూ అడిగారు. తాగి చెంబు కింద పెట్టి, "అవ్వా, జెర పసుపు ఉంటె ఇయ్యి" అన్నారు.

"పసుపెందుకు నీకు?"

"తప్పు నాదే. రాసుడు నేర్చిన గాని పంపుడు నేర్వలే. మంచి మాట రాసి పసుపు పెట్టకుంట పంపిన."

వదిన లోపలి నుంచి చిన్న గిన్నెలో పసుపు తెచ్చి నా చేతికిచ్చింది. ఆమె సారు ముందుకు వచ్చేది కాదు. నేను సారు ముందు పెట్టాను. ఆయన కొంచెం నీళ్లు చిలకరించి, వేలు అద్ది, బూడిద దులిపిన ఆ కార్డుకే నాలుగు మూలలా పసుపు పెట్టారు. తొందర లేకుండా పెట్టారు. పెట్టి, రెండు చేతులతో అవ్వకు అందించారు.

అవ్వ తీసుకోలేదు. "నా మనుమరాలికి సదువు చెప్పేటోనివి నువ్వు. నువ్వే పరీచ్చ పెట్టు, పాసో ఫేలో నువ్వే చెప్పు. పిల్ల మొకం ఎర్కలేని గా సంగారెడ్డోడు ఎవడు అడగనీకి?" అంది.

ఆ మాటకు సారు సంతోషించారు. నిజం, ఆయన ముఖం విప్పారింది. ఏ చదువుకున్న తండ్రీ తనను ఆ ప్రశ్న అడగలేదని తర్వాత నాతో అన్నారు.

"అవ్వా, మీ ఇంట్ల శేరు ఉన్నదా?"

"ఉన్నది."

"దానితోని ఇంట్ల కొలుసుకుంటవు. అంగడికి పోతె కిలో ఉంటది. మీ ఇంటి శేరు మీకు సరిపోతది. అంగట్ల కిలో అందరికి ఒకటే. నేను పెట్టే పరీచ్చ ఇంటి శేరు. సంగారెడ్డిది కిలో."

"కిలో వచ్చినంకనే మాకు మోసం మొదలైంది సారూ" అంది అవ్వ.

సారు గట్టిగా నవ్వారు. ఇంటాయన కూడా నవ్వాడు. "మోసం ఉంటది అవ్వా, లేదంటలేను. అయినా అంగడికి పోక తప్పదు గదా. పిల్లను రేపు పొద్దుగూకినంక కూడ బడిల ఉంచు. నేనే తోల్కొచ్చి ఇంట్ల దింపుత."

అవ్వ చాలాసేపటికి చెయ్యి చాపింది. కార్డు తీసుకుని దేవుని గూట్లో పెట్టింది. సత్తెమ్మ అప్పుడు సంచి దించింది.

వెళ్లేముందు సారు నన్ను అడిగారు. "అమ్మా, మీకు చదువొచ్చు. ఇంక శానా ఇండ్లకు కార్డులు పోయినయి. ఇసొంటి పరేషానే అయ్యుంటది. నేను పోతె ఆడోళ్లు బయటికి రారు. మీరు జెర నాతోని వస్తరా? మీరు లోపటికి పోయి చెప్పుండ్రి, నేను అరుగు మీద కూసుంట."

మావారు షిఫ్టు నుంచి వచ్చాక చెప్పాను. "వెళ్లు, కాని చీకటి పడకుండా రా" అన్నారు. చీకటి పడకుండా ఎప్పుడూ రాలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలా మొదలైంది. తర్వాతి ఏడు నుంచి సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం సారు కార్డుల కట్ట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవారు. నేను పసుపు తడిపేదాన్ని. ఆయన రాసినవి చదువుతూ ఒక్కొక్కటీ ఇచ్చేవారు, నేను మూలలకు పెట్టి చాప మీద ఆరబెట్టేదాన్ని. అవి తపాలాలో వేసేవారు కాదు. పట్టుకుని తిరిగేవాళ్లం.

"కార్డుకు నోరుండదమ్మా, నోరున్నోడు దాని ఎంబడి పోవాలె" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. ఇస్నాపూర్ వైపు నుంచి తిరిగి వస్తూ, కాళ్లు ఈడ్చుకుంటూ, "అలిసిపోయిన తల్లీ. ఎవరికన్న అప్పజెప్తమంటె వాళ్లు దీన్ని మల్ల తపాలల వేస్తరు" అని.

ప్రతి ఇంట్లో ముందు పిల్ల గురించి ఏదో ఒక మంచి మాట చెప్పేవారు. కల్పించి కాదు. ఒకడు బావిలో నీళ్లు చేది బడి కుండ నింపుతాడని, ఒకతె చిన్నపిల్లలను ఊరుకోబెడుతుందని. తర్వాత పరీక్ష సంగతి. అరుగు మీద కూర్చుని ఆయన చెప్పింది నేను లోపల ఆడవాళ్లకు మళ్లీ చెప్పేదాన్ని. నా మాట వాళ్లకు కొత్త, వాళ్ల మాట నాకు కొత్త. "ఆంధ్రమ్మ జెర మెల్లగ చెప్పు" అనేవారు. మెల్లగా చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఒక సాయబు గారింట్లో ఏం చేయాలో సారుకు తెలియలేదు. వాళ్ల పద్ధతి వేరు గదా అని పసుపు లేకుండానే కార్డు ఇచ్చారు. ఆ ఇల్లాలు తెర వెనక నుంచి, "అందరి ఇంటికి పీలా పెట్టిండ్రంట, మా పిల్లగాడు ఏం తప్పు చేసిండు సార్?" అంది. సారు నా వైపు చూశారు. కొంగుకు అంటిన పసుపుతోనే ఆ నాలుగు మూలలూ అద్దాను.

కార్ఖానా కాలనీలో తిరగడం వేరుగా ఉండేది. అక్కడంతా మా వైపు వాళ్లే ఎక్కువ. చదువుకున్నవాళ్లు, కుర్చీ వేసి కాఫీ ఇచ్చేవారు. కాని ఆ ఇళ్లలో పిల్లలు తలుపు చాటున వణుకుతూ ఉండేవారు. ఒకాయన, "మావాడు క్లాసులో ఎన్నోవాడండీ? ఎదురింటివాడికి ఎన్ని వచ్చాయి?" అని పట్టుబట్టాడు. సారు కార్డు తిప్పి చూపించి, "ఇంత చిన్న కార్డు. మీ వాని గురించి రాయనీకే జాగ సరిపోలే, ఎదురింటోనిది యాడ రాయాలె సార్" అన్నారు. బయటికి వచ్చాక మాత్రం, "గీ ఇంట్ల చెప్పుడే కష్టమమ్మా. అవ్వ నయం" అని నిట్టూర్చారు. మా ఇంట్లోనూ తర్వాత అదే అయింది. మావారు కూడా మార్కుల కోసం మా అబ్బాయిని సతాయించినవారే. ఆ మాట ఇక్కడికి వదిలేస్తాను.

ఒకసారి బడి తనిఖీకి వచ్చిన అధికారి బల్ల మీద ఆ కార్డులు చూసి, "ఇది బడా, పెళ్లిళ్ల దుకాణమా?" అన్నాడట. సారు నిలబడి, "అయ్యా, తెల్లకార్డు గడప దాటుత లేదు" అన్నారట. ఆ అధికారికి అర్థం కాలేదు, కాని ఏమీ రాయకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు సత్తెమ్మ సంగతికి వస్తాను.

ఆ మొదటి ఏడాది పిల్ల రోజూ సాయంత్రం బడిలో ఉండి చదివింది. సారు మాట ఇచ్చినట్టే ఇంటిదాకా వచ్చి దింపి వెళ్లేవారు. పరీక్ష రాసింది. ఎండాకాలం చివర ఫలితాలు వచ్చాయి. బడి గోడ మీద పాసైనవాళ్ల నంబర్లు అంటించారు. దాని నంబరు లేదు.

అప్పటి పెద్ద మాస్టారు గోడ మీద అంటించడంతో బడి పని అయిపోయిందన్నారు. సారు అందుకు ఒప్పుకోలేదు. "పాసైనోళ్లు బడికాడికి ఉరుక్కుంట వస్తరు. తప్పినోళ్ల ఇంటికే మనం పోవాలె" అన్నారు. తప్పినవాళ్లకు మాత్రమే కార్డులు రాశారు. వాటికీ పసుపు పెట్టమని నా ముందు పెట్టారు.

నాకు చేతులు రాలేదు. "సారూ, తప్పినదానికి పసుపా? అపచారం కాదా?" అన్నాను. నేను రోజూ పసుపు కుంకాలతో దేవుణ్ణి కొలిచే మనిషిని, నాకు భయం వేసింది.

"పిల్ల ఉన్నది గదమ్మా" అన్నారు ఆయన. నేను పెట్టాను.

ఇంటాయన వాళ్ల కార్డు అందరికంటే చివర ఇచ్చారు. సారుకూ ఆ గడప ఎక్కడం కష్టంగానే ఉంది. మంచినీళ్లు అడిగి, తాగకుండా చెంబు పక్కన పెట్టుకున్నారు. పసుపు చూసి అవ్వ ముఖమంతా నవ్వయింది. కార్డు కళ్లకద్దుకుని లోపలికి తీసుకుపోయి గూట్లో పెట్టి, బెల్లం ముక్క తెచ్చింది. సత్తెమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. దానికి గోడ సంగతి తెలుసు. అది నేల చూస్తోంది.

"అవ్వా, బెల్లం ఉండనీ. పిల్ల తప్పింది" అన్నారు సారు.

ఇంటాయన లేచాడు. "మరి పసుపెందుకు పెట్టినవు సారూ? మాకు అచ్చరం రాదని ఆటాడుతున్నవా?" అన్నాడు. ఆయన అంత గొంతు ఎత్తడం నేను ఎప్పుడూ వినలేదు. "నిన్ను నమ్మి కోతలప్పుడు కూడ పిల్లను బడికి తోలిన. ఇగ అయిపోయింది. సంచి తీస్కపోయి బడిల్నే పెట్టుకో."

సారు తలెత్తలేదు. "పాసైందని చెప్పనీకి పెట్టలే. తప్పిన కబురు సావుకబురు కాదని చెప్పనీకి పెట్టిన. అన్ని పాఠాలల్ల గట్టెక్కింది, లెక్కలల్ల తప్పింది. మల్ల రాయనిస్తరు. నువ్వు రాయనిస్తవా లేదా గదే అడగనీకి వచ్చిన" అన్నారు.

"రాయదు" అన్నాడు ఇంటాయన.

వదిన లోపల గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. నేను దేవుణ్ణి తలచుకున్నాను. సారు చెంబు తీసుకుని నీళ్లు తాగారు. లేచి గొడుగు అందుకున్నారు. ఆయన ఇక వెళ్లిపోతారని, సత్తెమ్మ చదువు ఈ పూటతో ముగిసిందని నాకు అర్థమైంది.

అప్పుడు అవ్వ అంది. బెల్లం ముక్క ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "ఒరే, కార్డు గూట్లకు పోయింది."

"పోతె ఏంది? తీసి పారెయ్యి" అన్నాడు కొడుకు.

"పసుపు పెట్టిన కాయితం దేవుని కాడికి పోయినంక ఎట్ల తీస్తరా? నీ లగ్నపత్రిక ఇంక ఆడనే ఉన్నది. గదాన్ని తీసిననా? నీ పెండ్లాం వచ్చిన కాన్నుంచి మీరిద్దరు కొట్లాడని దినం లేదు, అయినా తీయలే."

వదిన లోపల నవ్వు ఆపుకోలేక దగ్గింది. అవ్వ సత్తెమ్మను దగ్గరికి పిలిచి, ఆ బెల్లం దాని నోట్లో పెట్టింది. "తప్పినందుకు కాదు. మల్ల రాస్తవు గందుకు" అంది. తర్వాత సారు వైపు తిరిగి, "పెట్టినోనివి నువ్వే. గట్టెక్కియ్యకుంటె మల్ల నా గడప తొక్కకు" అంది.

సారు వంగి ఆమె కాళ్లకు దండం పెట్టారు. బయటికి వచ్చాక వీధి మలుపులో ఆగి, పంచె చెంగుతో ముఖం తుడుచుకుని, "మొదటి దినం పసుపు అడిగితె ఇయ్యకపోతె ఏం చేసెటోణ్నో" అన్నారు.

సత్తెమ్మ మరుసటి ఏడు లెక్కల్లో గట్టెక్కింది, బొటాబొటి. పదిదాకా చదివింది. పదిలో తప్పింది. ఆ కార్డు కూడా, పసుపుతోనే, సారు తెచ్చి ఇచ్చారు. తర్వాత పెళ్లి చేశారు. అల్లుడు ఇస్నాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మిషన్ పని. మాకు క్వార్టర్ వచ్చి ఊరు వదిలి కాలనీలోకి మారిపోయాం. అవ్వ కాలం చేసింది. సారు రిటైరై కొడుకు దగ్గరికి సంగారెడ్డి వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక బడివాళ్లు అచ్చు వేసిన ప్రోగ్రెసు కార్డులు పిల్లల చేతికే ఇచ్చి పంపుతున్నారు. తండ్రి సంతకమో వేలిముద్రో పెట్టించుకురమ్మంటున్నారు. ఎవరూ ఇంటికి రారు. ఎవరినీ అనడానికి లేదు. పిల్లలు ఎక్కువయ్యారు, రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాయి, సైరన్ మూడు పూటలా మోగుతుంది, తండ్రి ఒక షిఫ్టు తల్లి ఒక పనిగా ఉన్నారు. వచ్చినా ఇంట్లో ఎవరుంటారు.

సంతాపసభ నాడు సత్తెమ్మ వెనక వరసలో నిలబడి ఉంది. దాని వెంట ఒకటో తరగతి చదివే కొడుకు. సభ అయ్యాక నాతో మా ఇంటికి నడిచి వచ్చింది. ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగి, పిల్లవాడి సంచిలోంచి అచ్చు కార్డు ఒకటి తీసింది.

"రేపు సంతకం పెట్టి ఇయ్యాలె అత్తమ్మా. జెర పెన్ను ఇయ్యి."

ఇచ్చాను. వెంటనే పెట్టలేదు. వేలు ఆనించి పైనుంచి కిందికి ఒక్కొక్క వరసా తనే చదువుకుంది. వాళ్ల అమ్మ బూడిదలో పడేసిన కార్డు నాకు గుర్తొచ్చింది. అప్పుడు చదివి చెప్పడానికి నేను గుట్ట దిగి రావాల్సి వచ్చింది.

"లెక్కలల్ల అచ్చం నా పోలికనే" అని కొడుకు తల మీద మెల్లగా మొట్టింది. తర్వాత, "పసుపున్నదా అత్తమ్మా?" అంది.

దేవుడి అరలోంచి గిన్నె తీసి ఇచ్చాను. నీటి చుక్క వేసి, వేలు అద్ది, నాలుగు మూలలా పెట్టింది. సారు పెట్టినట్టే, తొందర లేకుండా.

"బళ్లో టీచరమ్మ అడగదూ, ఇదేంటని?" అన్నాను.

"అడుగుతది. చెప్త" అంది.

సంతకం పెట్టి, పసుపు ఆరేదాకా కార్డును మా కిటికీలో నిలబెట్టింది. పిల్లవాడు దాని పక్కనే గడ్డం ఆనించి చూస్తూ కూర్చున్నాడు. రెండో షిఫ్టు సైరన్ మోగింది. ఎండ ఆ కార్డు మీద పడి, మూలలు ముందు ఆరాయి.

ఈ కాగితాలు మా దేవుడి అరలో, పంచాంగం కింద పెడుతున్నాను. నా తర్వాత ఇల్లు సర్దేవాళ్లు చూస్తారు. ఎవరికీ చూపించవద్దు, ఇందులో చూపించేంత చదువు లేదు. ఉంచితే చాలు. ఇది చావుకబురే కాబట్టి మూలలు తెల్లగానే వదిలాను. అయినా చింపకండి.